30, 15, 31: ఒక బొమ్మ కారు వైరింగు



మీ గదిలోనో, పక్క గదిలోనో ఆటో ఎలక్ట్రీషియన్ ఒకరు ఉండే ఉంటారు. రిలే కింద ఏ నంబర్లు ఉంటాయని ఆయన్ని అడగండి. నిద్రలో లేపి అడిగినా 30, 85, 86, 87 అని చెప్తాడు. కరీంనగర్ షెడ్డులో అయినా, షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో అయినా, దమ్మాంలో అయినా రిలే మీద అవే నంబర్లు. అవి ఏ దేశం నంబర్లు అని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు.

అవి జర్మనీవి. డిన్ 72552 అనే జర్మన్ ప్రమాణంలో బండి వైరింగులో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో నంబరు పెట్టారు. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్. 15 అంటే తాళం తిప్పితే వచ్చే ప్లస్. 31 అంటే ఎర్త్. 50 అంటే సెల్ఫ్ మోటారుకు పోయేది. ఇగ్నిషన్ కాయిల్ మీద పెద్ద కరెంటు బయటికి వచ్చే నడిమి రంధ్రం 4. నేను 1993 నుంచి 2007 దాకా షార్జాలో ఈ నంబర్ల మీదే బతికాను. ఇంటికి పంపిన ప్రతి దిర్హామూ వీటిలోంచే వచ్చింది.

ఈ ముచ్చట ఎందుకంటే, పోయిన చలికాలం 90 రోజుల విజిట్ వీసా మీద జర్మనీ పోయి వచ్చాను. మా చిన్నోడు స్టుట్‌గార్ట్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. అక్కడ నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. కానీ ఈ నంబర్లే నాకు భాష అయ్యాయి. ఈ నంబర్లతోనే 17 సెంటీమీటర్ల పొడవున్న ఒక బొమ్మ కారుకు ఇంజను వైరింగు చేశాను.

కింది గదిలో ఉస్తా

అక్కడ అపార్ట్‌మెంటు కింద నేలమాళిగ ఉంటుంది. కెల్లర్ అంటారు. ఒక్కో ఇంటికి చెక్క కటకటాలతో ఒక్కో చిన్న గది. పాత సామాను, సైకిళ్లు, చలికాలం టైర్లు అందులో పెట్టుకుంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు, ఆరేళ్ల మనవడు బడికి పోయాక ఇంట్లో నాకు పనేమీ లేదు. బయట నాలుగున్నరకే చీకటి. కూర్చుని కూర్చుని చేతులు గుంజేవి. 14 ఏళ్లు స్పానర్ పట్టిన చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా?

ఒకరోజు సైకిల్ పెట్టడానికి కిందికి దిగితే ఒక గదిలో లైటు వెలుగుతోంది. 75 ఏళ్ల టర్కీ పెద్దాయన భూతద్దం పెట్టుకుని ఏదో అతికిస్తున్నాడు. తొంగి చూస్తే బొమ్మ కారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ప్లాస్టిక్ ముక్కలు విడివిడిగా పెట్టెలో వస్తాయి, మనమే కోసి, అతికించి, రంగు వేసుకోవాలి. ఈ రకం కిట్లకు అక్కడ పెద్ద పేరున్న రెవెల్ కంపెనీ 1956 నుంచి బ్యూండె అనే ఊళ్లో ఉంది. ఆయన చేస్తున్నది 1:24 సైజు. అంటే అసలు కారులో 24 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక్క సెంటీమీటరు.

ఆయన 20 ఏళ్ల వయసులో కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చాడు. పశ్చిమ జర్మనీ 1961 అక్టోబర్ 30న టర్కీతో కూలీల ఒప్పందం చేసుకుంది. మనల్ని మెడికల్‌కు పంపినట్టే వాళ్లకూ ఇస్తాంబుల్‌లో మెడికల్. రక్తం, మూత్రం, పళ్లు అన్నీ చూసేవారు. పాసైతేనే రైలెక్కేది. ఇక్కడికి వచ్చాక కంపెనీ హాస్టల్, గదికి నలుగురు, మంచం మీద మంచం. ఆ నలుగురు ఎట్లా పడుకునేవారో చేత్తో చూపించాడు. నాకు వివరం అడగాల్సిన అవసరం రాలేదు. మా షార్జా గదిలో ఎనిమిది మందిమి. కొత్తవాళ్లను తీసుకోవడం 1973 నవంబర్‌లో ఆగిపోయింది. ఉన్నవాళ్లలో చాలామంది భార్యాపిల్లల్ని తెచ్చుకుని అక్కడే ఉండిపోయారు. మనకూ వాళ్లకూ తేడా అక్కడే వచ్చింది.

మా మాటలు ఎట్లా సాగాయంటే, టర్కీ భాషలో అరబ్బీ, ఫారసీ మాటలు చాలా ఉన్నాయి. సాబూన్, దునియా, దుకాణం, కితాబు, కలం దాదాపు మనం పలికినట్టే పలుకుతారు. మేస్త్రీని వాళ్లు ఉస్తా అంటారు. మన ఉస్తాదే. నేను ఆయన్ని ఉస్తా అన్నాను, ఆయన నన్ను ఉస్తా అన్నాడు.

ఆయన చేస్తున్న బీటిల్ ఊరికే ఏదో బీటిల్ కాదు. 1974లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న తన సొంత బండి. దాని నెత్తిన మూటలు కట్టుకుని ఆస్ట్రియా, యుగోస్లావియా, బల్గేరియా దాటి ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయేవాడు. అదే రంగు, అదే నంబరు ప్లేటు వేశాడు. ఇంజనుకు వైర్లు కూడా పెట్టాడు. నాలుగు నల్ల వైర్లు, చూడ్డానికి ముచ్చటగా, ఇటు రెండు అటు రెండు.

నేను భూతద్దం తీసుకుని చూశాను. "ఉస్తా, ఈ బండి స్టార్ట్ కాదు" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. బొమ్మ కదా అన్నట్టు చేతులు చాపాడు. నేను నోటితో ఇంజను దగ్గు, సైలెన్సర్‌లో టప్‌మని పేలడం వినిపించాను. తర్వాత కాగితం మీద 1, 4, 3, 2 అని రాశాను. ఆయన బతుకంతా బాడీ లైనులో రేకులు బిగించినవాడు. ఇంజను వరస ఆయనకు తెలియదు. కాగితం చాలాసేపు చూసి, పట్టుకారు తీసి, అతికించిన వైర్లు నాలుగూ తనే పీకేశాడు. కుర్చీ నా వైపు జరిపాడు.

వెంట్రుకంత వైరు

వరస సంగతి మన మెకానిక్కులకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రెండు మాటలు. పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు ఒకేసారి పేలవు. ఒకదాని తర్వాత ఒకటి. అంబాసిడర్ పెట్రోల్ ఇంజనులో ఆ వరస 1, 3, 4, 2. బీటిల్‌లో 1, 4, 3, 2. డిస్ట్రిబ్యూటర్, కొన్ని షెడ్లలో డెల్కో అంటారు, లోపల తిరిగే రోటరు ఈ వరసలోనే ఒక్కో వైరుకు కరెంటు అందిస్తుంది. ఒక వైరు తారుమారైతే బండి దగ్గుతుంది, పేలుతుంది, కదలదు.

బీటిల్‌లో ఇంజను ముందు ఉండదు. డిక్కీ తెరిస్తే ఇంజను. సిలిండర్లు రెండు కుడిపక్క, రెండు ఎడమపక్క పడుకుని ఉంటాయి. ముందుకు చూసి కూర్చున్నవాడి కుడిచేతి వైపు 1, 2. ఎడమచేతి వైపు 3, 4. డిస్ట్రిబ్యూటర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. కాబట్టి టోపీ మీద 1 తర్వాత పక్కనున్న రంధ్రం 4కు పోవాలి. అందుకే వైర్లు అందంగా ఇటు రెండు అటు రెండు సర్దుకోవు. ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. అసలు బండిలో అది గజిబిజిగానే ఉంటుంది, ఆ గజిబిజికి లెక్క ఉంటుంది.

ఇక కొలత. పాత కార్ల ప్లగ్గు వైరు మందం సుమారు 7 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 0.29. అంటే 0.3 మిల్లీమీటర్ల వైరు కావాలి. ఆయన వాడింది దాదాపు ఒక మిల్లీమీటరు ఉంది. అసలు బండిలో అది 24 మిల్లీమీటర్ల పైపు అవుతుంది, నీళ్ల గొట్టం లాగా! పాడైపోయిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విప్పి వైండింగ్ వైరు తీశాం. సరిగ్గా సరిపోయింది.

డిస్ట్రిబ్యూటర్ టోపీ బొమ్మలో 3 మిల్లీమీటర్లు. దాని మీద అయిదు రంధ్రాలు చేయాలి. చుట్టూ నాలుగు ప్లగ్గులకు, నడుమ ఒకటి కాయిల్ నుంచి వచ్చేదానికి. వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్లుతో, ముందు సూదితో గాటు పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పాలి. రంగు వేయకముందే రంధ్రాలు చేయాలి, లేకపోతే రంగు పెచ్చు లేస్తుంది. రాగి వైరు స్ప్రింగులాగా నిక్కి నిలబడుతుంది. అసలు రబ్బరు వైరు బరువుకు కాస్త జారి ఉంటుంది. అందుకని ముందు మేకుకు చుట్టి వంపు తెచ్చి, తర్వాత పొడవు కోశాం. ప్లగ్గు మీది రబ్బరు టోపీల కోసం సన్నటి వైరు పై తొడుగు వలిచి, 2 మిల్లీమీటర్ల ముక్కలు కోసి తొడిగాం. చివరగా మెరుపు లేని నల్లరంగు.

తర్వాత సన్న వైర్లు. కాయిల్ 1 నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కకు ఒకటి. కాయిల్ 15 నుంచి కార్బొరేటర్ చోక్‌కు ఒకటి. ఇవి ఫ్లెక్సిబుల్ వైరులోని ఒక్కొక్క పోగు. ఇక్కడ రంగు కూడా చూసుకోవాలి. చాలా జపాన్ బండ్లలో నలుపు అంటే ఎర్త్. జర్మన్ బండ్లలో ఎర్త్ 31 బ్రౌన్ రంగు. నలుపు 15, ఎరుపు 30. గల్ఫ్‌లో జపాన్ బండ్లకు అలవాటు పడి జర్మన్ బండి ముట్టుకునే తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. బొమ్మలో పోయేదేం లేదు, అసలు బండిలో ఫ్యూజు పోతుంది.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలని ఆయన ఇంజను పక్క చోటు వెతికాడు. బీటిల్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుందని చూపించాను. ఒక్కసారిగా గుర్తొచ్చి తొడ చరిచాడు. అవును మరి, ఆయన భార్య ఆ సీటు మీదే కూర్చుని మూడు రోజులు ప్రయాణం చేసింది! రేడియేటర్ గొట్టాలు కూడా లేవు, అది గాలితో చల్లబడే ఇంజను. ఏమి పెట్టాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏమి పెట్టకూడదో తెలియడం కూడా అంతే ముఖ్యం.

మేం మాట్లాడిందంతా ఇట్లాగే. "ముప్పై?" అని నేను వేలు చూపిస్తే ఆయన ఎర్ర వైరు అందించేవాడు. రెండో రోజుకే ఆయన జర్మన్‌లో, నేను తెలుగులో, నంబరు మాత్రం ఇద్దరికీ అర్థమయ్యేది.

టోపీ పిన్ను, మేజోళ్ల పట్టీ

ఒక ఆదివారం మనవణ్ణి తీసుకుని మెర్సిడెస్ మ్యూజియం చూడ్డానికి పోయాం. 2006లో కట్టిన పెద్ద భవనం. లిఫ్టులో పై అంతస్తుకు తీసుకుపోతారు, అక్కడి నుంచి చుట్టుకుంటూ కిందికి దిగాలి. మొదట్లోనే కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండి ఉంటుంది. దానికి 1886 జనవరి 29న పేటెంటు వేశాడు.

ఆ బండికి అసలు పరీక్ష పెట్టింది ఆయన భార్య బెర్తా. 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మొగుడికి చెప్పకుండా మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, నూరు కిలోమీటర్లకు పైగా నడిపించింది. పెట్రోలు బంకులు లేని కాలం, వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో ఇంధనం కొన్నది. పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఇగ్నిషన్ వైరు తొడుగు అరిగితే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. లోకంలో మొదటి దూరప్రయాణంలోనే వైరింగు రిపేరు! ఇన్సులేషన్ టేపు దొరకక ప్లాస్టిక్ కవరు చుట్టి బండి పంపిన రోజులు మనకూ ఉన్నాయి. ఆ తల్లి మన జాతే.

ప్లగ్గు కథ కూడా ఆ ఊరిదే. రాబర్ట్ బాష్ 1886లో స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. 1902లో ఆయన దగ్గరి ఇంజనీరు గాట్లోబ్ హోనల్డ్ హై వోల్టేజ్ మాగ్నెటో, దానికి తగిన స్పార్క్ ప్లగ్గు తయారు చేశాడు. మన షెడ్లలో "మైకో ప్లగ్గు" అనేవాళ్లం కదా, ఆ మైకో బాష్ వాళ్లు 1951లో బెంగళూరులో పెట్టిందే. 2008లో పేరు బాష్ అని మారింది. ఇంకో సంగతి మీకు తప్పక చెప్పాలి. బాష్ తన ఫ్యాక్టరీలో 1906లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. 12 గంటల డ్యూటీ దిగి ఈ పేపరు చదివే తమ్ముళ్లకు ఆ ఏడాది గుర్తుండాలి.

తండ్రి వృత్తి

పెద్దాయన బండి అయ్యాక ఆయన నాకు ఇంకో బీటిల్ కిట్ ఇచ్చాడు. అది మనవడి కోసం చేశాను. మూడు వారాలు పట్టింది. అయిపోయిన రాత్రి భోజనాల బల్ల మీద పెట్టి, డిక్కీ తెరిచి, టార్చి వేసి మనవడికి చూపిస్తున్నాను. ఇది కాయిల్, ఇది డెల్కో, ఇక్కడ కరెంటు పుట్టి ఇట్లా పోతుంది అని. మా చిన్నోడు ప్లేటు పక్కకు పెట్టి వచ్చి వంగి చూశాడు. వాడు కార్ల కంపెనీ మనిషే. కానీ ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటర్ లేదు, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుంటుంది, ఎప్పుడు మండించాలో కంప్యూటర్ చెప్తుంది. ఆ కంప్యూటర్‌కు రాసేవాళ్లలో వాడొకడు.

"బాపూ, ఈ వరస మేం సాఫ్ట్‌వేర్‌ల రాస్తం. నువ్వు చేత్తోని చేసేటోడివా?" అన్నాడు.

"14 ఏండ్లు అదే చేసిన బిడ్డా" అన్నాను.

వాడు కాసేపు ఊరుకుని, "బడిల ఫారం మీద తండ్రి వృత్తి అని ఉంటే నేను దుబాయి అని రాసేటోణ్ణి. సారు గూడ ఎన్నడు దిద్దలే" అన్నాడు.

వాడికి ఏడాది నిండగానే నేను విమానం ఎక్కాను. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. కూడితే వాడి చిన్నతనంలో నేను ఇంట్లో ఉన్నది ఏడాది. ఫోన్‌లో మాట్లాడిందంతా ఫీజు కట్టారా, పైసలు ముట్టాయా, వానలు పడ్డాయా అనే. కార్డులో నిమిషాలు అయిపోయేవి. నేను చేసే పని ఏమిటో చెప్పే తీరిక ఎప్పుడూ రాలేదు. దుబాయి అనేది ఊరు పేరు, పని పేరు కాదు. మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఆ గడిలో ఆ మాటే రాశారో!

ఆ రాత్రి వాడు తన లాప్‌టాప్ తెచ్చి ఇప్పటి ఇంజను బొమ్మ తీసి చూపించాడు. నేను వాడికి పాత ఇంజను చెప్పాను. బల్ల మీద అన్నం చల్లారింది. తండ్రీకొడుకులం పని గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మధ్యలో మనవడు దూరి, "తాతా, 31 ఎక్కడుంది?" అని అడిగాడు. బ్రౌన్ వైరు చూపించాను.

మీ గదిలో చేయాలంటే

దీనికి జర్మనీ పోనక్కర్లేదు, ఖరీదైన కిట్ కొనక్కర్లేదు. చిల్లర దుకాణాల్లో బానెట్ తెరుచుకునే రేకు కార్లు దొరుకుతాయి. ఇంజను ఆకారం ఉన్నది చూసి తీసుకోండి. ఏ బండో తెలుసుకుని, దాని ఫైరింగ్ ఆర్డర్ మీ గదిలోని మెకానిక్‌ను అడగండి. ఒక సూది, బ్లేడు, పట్టుకారు, కాస్త నల్లరంగు చాలు. సోల్డరింగ్ అవసరం లేదు, క్యాంపు గదిలో ఆ ఇస్త్రీ పెట్టె లాంటిది పెట్టొద్దు కూడా.

మూడు జాగ్రత్తలు. వైరు ముక్క కంపెనీ స్టోరు నుంచి, సైటు నుంచి చెప్పకుండా తీసుకోకండి. జానెడు పారేసిన ముక్కైనా ఫోర్‌మన్‌ను అడిగి తీసుకోండి. బొమ్మ కోసం దొంగతనం మాట పడితే వీసా మీదికి వస్తుంది. రెండోది, థిన్నర్, గమ్ము వాడేటప్పుడు కిటికీ తెరవండి, పక్కన పొయ్యి గానీ సిగరెట్టు గానీ ఉండకూడదు. ఎనిమిది మంది నిద్రపోయే గది అది. మూడోది, బ్లేడు పట్టే పని కళ్లు మూతలు పడుతున్నప్పుడు వద్దు, సెలవు రోజు పగటి వెలుతురులో చేయండి.

మేస్త్రీ పని చేసేవాళ్లు, కార్పెంటర్లు, ప్లంబర్లు మాకు కార్లతో పనేమిటి అనకండి. కార్పెంటర్ చిన్న తలుపు చేయొచ్చు, బందులతో సహా. ప్లంబర్ సీసం లేని సోల్డర్ తీగను వంచి అరచేతిలో ఒక బాత్రూమ్ లైను వేయొచ్చు. ఎవరి పని వాళ్లు చిన్నగా చేసి చూపించాలి. కానీ సరిగ్గా చేయాలి. చూసేవాడికి తెలియదు కదా అని వరస తప్పించి అతికిస్తే అది ఉత్త అలంకారం. వరస ప్రకారం పెడితే అది మీ పని.

అయ్యాక వీడియో కాల్‌లో పిల్లలకు చూపించండి. బానెట్ తెరిచి, టార్చి వేసి, ప్లగ్గు వైర్లు ఎన్నో లెక్కపెట్టమనండి. సిలిండర్లు నాలుగైతే వైర్లు అయిదు వస్తాయి. నాలుగు ఇంజనుకు అయిదు వైర్లు ఎందుకని వాళ్లే అడుగుతారు. జవాబు చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు పైసల ముచ్చట రాకుండా మీరు ఇంటితో మాట్లాడినట్టే. ఈసారి బడి ఫారంలో ఆ గడి నింపేటప్పుడు వాళ్లకు రాయడానికి సరైన మాట కూడా ఉంటుంది.